చినార్ ఎరుపా, వలిసె పసుపా?

అక్టోబరు వచ్చినా విజయనగరంలో ఉక్క వదలదు. ఆకురాలు కాలం చూడాలని మనసు లాగేవాళ్లకి రెండు దారులు: చినార్ చెట్ల ఆకులు ఎర్రబడే శ్రీనగర్, వలిసె (నూనెగింజల పంట) పసుపుగా పూసే అరకు.

ఖర్చు: కశ్మీర్‌కి విమానాలు మారాలి, నలుగురికి టికెట్లంటేనే గుండె గుభేలు. అరకుకి శృంగవరపుకోటలో కిరండూల్ పాసింజర్ ఎక్కితే చాలు.

సమయం: చినార్లు ఎర్రబడేది అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్య దాకా. వలిసెలు నవంబరు, డిసెంబరుల్లో పూస్తాయి.

రిస్కు: తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన జిల్లాల్ని ఊడ్చేశాయి. అక్టోబరు టికెట్ ఎటైనా జూదమే. అరకుదైతే పోయేది తక్కువ.

రంగు: అరకు ఓడిపోయేది ఇక్కడే. మన అడవులు ఆకు రాల్చేది శిశిరంలో, ఎండలకి ముందు. అదీ చలికి కాదు, నీటి ఎద్దడికి. అరకులో మంచు, పసుపు పొలాలు, వేడి కాఫీ ఉంటాయి (నాకైతే అదే ఎక్కువ), ఎర్రని చినార్ తోపు మాత్రం దొరకదు.

రెండ్రోజుల సెలవు, ఇంట్లో పెద్దవాళ్లు, ఒంటికి చలి తగిలితే చాలనుకుంటే అరకు. కాళ్లకింద ఎర్రాకు చప్పుడే కావాలంటే డబ్బు కూడబెట్టి, మన పైడితల్లమ్మ సిరిమాను జాతర చూసుకుని, నెలాఖరుకి కశ్మీర్ బయల్దేరండి.