మూడు రకాల షేప్‌వేర్: ఒంటికి ఏది పడుతుంది, ఏది పడదు

షేప్‌వేర్ అంటే ఒంటిని నొక్కి సన్నగా చూపే బిగుతు లోదుస్తు. అది వేసుకుని అద్దం ముందు నిలబడగానే అందరి చూపూ పొట్ట మీదికే పోతుంది. ముందు చూడాల్సింది అంచు. పొట్ట మీద గుడ్డ పరుచుకుని నొక్కుతుంది కాబట్టి ఆ ఒత్తిడి నలుదిక్కులకూ పంచుకుపోతుంది. నడుం దగ్గరా తొడ దగ్గరా గుడ్డ ఎక్కడ ఆగిపోతుందో, తిమ్మిర్లూ మంటలూ దద్దుర్లూ ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. అందుకే ఎక్కువగా అమ్ముడుపోయే మూడు రకాలను, అంటే పొడవాటి షార్ట్స్, భుజాల నుంచి కాళ్ళ మధ్యదాకా ఒకే ముక్కగా ఉండే బాడీసూట్, నడుం చుట్టూ హుక్కులతో బిగించే వెయిస్ట్ ట్రైనర్‌లను, ఇక్కడ అంచుల లెక్కనే బేరీజు వేశాం.

గుడ్డ సంగతి త్వరగా చెప్పేస్తాం. చాలావరకు నైలాన్, ఎలాస్టేన్ కలిపి అల్లినవే. ఎలాస్టేన్ 1958లో డూపాంట్ కంపెనీలో జోసెఫ్ షైవర్స్ కనిపెట్టిన సాగే పోగు. తన పొడవుకు ఐదింతలు సాగి కూడా మళ్ళీ మామూలు పొడవుకు వస్తుంది. లేబుల్ మీద ఎలాస్టేన్ 10-15 శాతం ఉంటే తేలికపాటి బిగువనీ, 20 దాటితే గట్టి బిగువనీ స్థూలంగా అనుకోవచ్చు. పొట్ట దగ్గర రెండు పొరలు వేసి కుడితే తక్కువ శాతంతోనూ గట్టిగా పట్టేస్తుంది. కాబట్టి లేబుల్ చదివి ఊరుకోకండి, రెండు చేతులతో లాగి చూడండి.

ఇక అసలు విషయం. ఒకే లాగుడు ఉన్న పట్టీ సన్నటి భాగాన్ని ఎక్కువ నొక్కుతుంది, లావుపాటి భాగాన్ని తక్కువ నొక్కుతుంది. నడుం దగ్గర హాయిగా ఉన్న షార్ట్సే తొడ దగ్గర కోసుకుపోవడానికి కారణం ఇదే. వంపు ఎక్కడ పదునుగా ఉంటే ఒత్తిడి అక్కడ పోగవుతుంది. తుంటి ముందు ఎముక కొన మీద బాగా ఎక్కువ, నడుం వెనక గుంటలో దాదాపు సున్నా. పట్టీ వెడల్పు సంగతీ అంతే. ఆరు సెంటీమీటర్ల పట్టీ మనం కూర్చోగానే చుట్టుకుపోయి సెంటీమీటరు తాడులా అయిందనుకోండి, అదే లాగుడు ఆరో వంతు చోటు మీద పడుతుంది.

ఆ తుంటి ఎముక పక్క నుంచే, గజ్జ దగ్గర, ఒక నరం తొడలోకి దిగుతుంది. తొడ బయటి వైపు చర్మానికి స్పర్శ ఇచ్చేది అదే. అది నలిగితే తొడ పక్కన మంట, సూదులు గుచ్చినట్టు ఉండడం, మొద్దుబారడం కనిపిస్తాయి. డాక్టర్లు దీన్ని మెరాల్జియా పారెస్థెటికా అంటారు. ఈ నరానికి కండరాలతో పని లేదు కాబట్టి కాలి బలం తగ్గదు. బలం తగ్గినా, నొప్పి నడుం నుంచి కిందికి పాకినా అది వేరే సమస్య, ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. బిగుతు బట్ట మానేస్తే చాలామందికి ఇది దానంతటదే తగ్గుతుంది. కొందరికి వారాలు పడుతుంది.

మూడింటిలో మేం ముందు పెట్టేది మోకాలికి జానెడు పైన ఆగే పొడవాటి షార్ట్స్. గజ్జ మడత దగ్గరే ఆగిపోయే పొట్టి రకం అంచు కూర్చున్నప్పుడల్లా సరిగ్గా ఆ మడతలోకే దిగుతుంది, అది తీసుకోకండి. తొడ అంచుకు కుట్టు లేకుండా కత్తిరించి వెడల్పు పట్టీ అతికించినవి మంచివి. లోపలి వైపు సిలికాన్ చారలు ఉన్నవి జారకుండా పట్టి ఉంచుతాయి, నిజమే. కానీ సిలికాన్ చెమటను పీల్చదు. రెండు గంటల నడక తర్వాత ఆ చార కింద చర్మం నాని, ఒరుసుకుని, బొబ్బ లేవొచ్చు. పై అంచు పొట్ట మధ్యలో ఆగితే చుట్టుకుపోవడం ఖాయం. బ్రా పట్టీకి కాస్త కిందిదాకా వచ్చేది అయితే నిలుస్తుంది. దాన్ని నిలబెట్టడానికి కుట్టే ప్లాస్టిక్ పుల్లలు కూర్చున్నప్పుడు పక్కటెముకల్లో గుచ్చుకుంటున్నాయేమో మాత్రం చూసుకోవాలి.

ఇవి కాళ్ళకు రక్తప్రసరణ పెంచుతాయని రాసి అమ్మే ప్యాకెట్లు కనిపిస్తుంటాయి. నమ్మకండి. డాక్టర్లు రాసే మేజోళ్ళలో బిగువు చీలమండ దగ్గర అన్నిటికంటే ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ తక్కువ. దాన్ని 15-20, 20-30 అని పాదరస మిల్లీమీటర్లలో లేబుల్ మీద వేస్తారు. షేప్‌వేర్‌లో బిగువంతా తొడల్లో, నడుంలో ఉంటుంది, కింద కాలు ఖాళీ. సిరల్లో రక్తం పైకి వెళ్ళే దారిలో అడ్డుకట్ట వేసినట్టే. ఉబ్బుసిరలు ఉన్నవాళ్ళు, ఎప్పుడైనా కాలి సిరలో రక్తం గడ్డకట్టినవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు.

బాడీసూట్‌కు ఒక పెద్ద సుగుణం ఉంది, నడుం దగ్గర అంచే లేదు. కానీ ఇందులో నడుం, పిరుదుల కొలతలతో పాటు మొండెం పొడవు కూడా కుదరాలి. ఒక భుజం మీద టేపు పెట్టి, ముందు నుంచి కాళ్ళ మధ్యగా తీసుకెళ్ళి, వీపు మీదుగా మళ్ళీ అదే భుజానికి తెచ్చి కొలవండి. సైజు పట్టికలో ఈ కొలత లేకపోతే పొడగరులు ఆ సరుకు జోలికి పోకపోవడమే మంచిది. పొట్టిదైతే భుజాల మీద గాడి పడుతుంది, కింద మధ్య కుట్టు సున్నితమైన చోట ఒరుసుకుంటుంది.

బాడీసూట్ చేసే అసలు చేటు మూత్రశాల దగ్గర మొదలవుతుంది. మొత్తం విప్పాలంటే పది నిమిషాలు, తిరిగి ఎక్కించాలంటే ఇంకో పది. దాంతో నీళ్ళు తాగడం తగ్గిస్తారు, వచ్చినా ఆపుకుంటారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు ఈ రెండూ దారి తీస్తాయి. కాళ్ళ మధ్య హుక్కులు గానీ, ఒకదాని మీద ఒకటి పడే తెరుపు గానీ ఉన్నదే కొనండి. అక్కడి లోపలి పొర నూలుది అయి ఉండాలి. నైలాన్ పొరలో తడి, వేడి నిలిచిపోయి ఫంగస్ ఇన్ఫెక్షన్ వచ్చే వీలు పెరుగుతుంది. దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట కనిపిస్తే వాడకం ఆపి చూపించుకోండి.

వెయిస్ట్ ట్రైనర్ కొనొద్దు. ఊపిరి పీల్చినప్పుడు విభాజక పటలం, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర, కిందికి దిగాలి, కింది పక్కటెముకలు విచ్చుకోవాలి. ట్రైనర్ రెండింటినీ అడ్డుకుంటుంది, అందుకే పై ఛాతీతోనే పొట్టి ఊపిరి తీస్తారు. మెట్లెక్కితే కళ్ళు తిరిగేది అందుకే. కడుపు మీద ఒత్తిడి పెరిగితే ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. ఏ జబ్బూ లేని మనుషులకు నడుంకు బెల్టు బిగించి చేసిన పరీక్షల్లోనే ఇది కనబడింది, ఆ ఫలితాలు 2014లో గట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట ముందే ఉన్నవాళ్ళ సంగతి వేరే చెప్పాలా? పోనీ కొవ్వు కరుగుతుందా అంటే అదీ లేదు. చెమటగా పోయిన బరువు నీళ్ళు తాగగానే తిరిగి వస్తుంది, నొక్కుకుపోయిన నడుం విప్పాక మళ్ళీ మామూలే. ప్రసవం తర్వాత, ఆపరేషన్ తర్వాత డాక్టర్ చెప్పి కట్టించే పొట్ట పట్టీ వేరు, దాని స్థానంలో దీన్ని వాడకూడదు.

సైజు కోసం మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట బిగబట్టకుండా నడుం కొలవండి. రెండు సైజుల మధ్య పడితే పెద్దదే తీసుకోండి. ఒక సైజు తగ్గిస్తే ఇంకా సన్నగా కనిపిస్తామనుకోవడం పొరపాటు, అంచు దగ్గర కండ పైకి పొంగి బట్ట మీద గీత తేలుతుంది. వేసుకున్నాక ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చోండి, గొంతుకు కూర్చుని లేవండి, నిండా ఊపిరి పీల్చండి, అంచు కింద రెండు వేళ్ళు దూర్చండి. ఇందులో ఏది కుదరకపోయినా తిరిగి ఇచ్చేయండి. గంటల తరబడి గొంతుకు కూర్చుని చేసే పనికి మాత్రం ఏ బిగుతు బట్టా వద్దు. 2015లో ఆస్ట్రేలియా డాక్టర్లు ప్రచురించిన ఒక కేసులో, బిగుతు జీన్స్‌తో అలా గంటలపాటు పనిచేసిన 35 ఏళ్ళ మహిళకు పిక్కలు వాచి, నరాలు దెబ్బతిని కాళ్ళు పట్టు తప్పాయి. జీన్స్ కత్తిరించి తీయాల్సి వచ్చింది.

మొదటిసారి రెండు గంటలు చాలు. అలవాటయ్యాక కూడా నాలుగైదు గంటలు దాటించొద్దన్నది మా అభిప్రాయం. వ్యాయామానికీ నిద్రకూ అసలొద్దు. విప్పాక చర్మం చూసుకోండి. కుట్ల అచ్చు అరగంటలో మాయమైతే ఫరవాలేదు. వేలితో తడిమితే గుంట తగిలి, అరగంటైనా పోకపోతే ఆ సైజు మీది కాదు. షుగర్ వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళకు కోసుకుపోతున్నా తెలియదు, వాళ్ళు దీనికి దూరంగా ఉండాలి. దద్దుర్లు అంచు వెంబడి గీతలా వస్తే రబ్బరులో కలిపే రసాయనాలనూ, హుక్కు ఆకారంలో వస్తే నికెల్‌నూ, గుడ్డ తగిలిన మేరంతా వస్తే ముదురు రంగు అద్దకాన్నీ అనుమానించాలి. తాకిన ఒకటి రెండు రోజులకు గానీ ఇవి బయటపడవు కాబట్టి చాలామంది సబ్బును తప్పుపడతారు.

ఎక్కించుకునేటప్పుడు ఒళ్ళు పొడిగా ఉండాలి, లోషన్ రాయకూడదు. కాళ్ళ వైపు నుంచి కొంచెం కొంచెంగా పైకి తేవాలి, అంచు పట్టుకుని లాగకూడదు. చల్లటి నీళ్ళలో చేత్తో ఉతికి, పిండకుండా తువ్వాలులో అద్ది, నీడలో పరిచి ఆరబెట్టండి. క్లోరిన్ బ్లీచ్ ఎలాస్టేన్‌ను తినేస్తుంది. మెత్తదనం కోసం వేసే కండిషనర్ పోగుల మీద పొరలా పేరుకుని సాగుడు పోగొడుతుంది. లాగి వదిలినప్పుడు గుడ్డ వెనక్కి రావడానికి తటపటాయిస్తే, అంచు అలలు తిరిగితే దాని పని అయిపోయినట్టే. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీదున్న సైజు చూసి తెచ్చుకోకండి, మళ్ళీ టేపు పెట్టి కొలుచుకోండి.