పడమటి ఎండలో టేకు పలకలు: ఏడేళ్లలో మూడు రకాలు పూశాక

మాది నల్గొండ. పాత మిద్దె విప్పినప్పుడు దిగిన టేకు దూలాలు కోయించి, పై అంతస్తులో పడమటి వైపు సిట్‌అవుట్‌కు పలకల నేల వేయించుకున్నాం. పైన కప్పు లేదు. ఎండాకాలం మధ్యాహ్నం రెండు దాటితే చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం, అది అయిపోగానే వానలు.

మొదట క్లియర్ వార్నిష్ వేశాం. ఐదేళ్లు చూడక్కర్లేదన్నాడు షాపాయన. అద్దంలా మెరిసేసరికి చుట్టాలందరికీ ఫొటోలు కూడా పంపాను. రెండో ఎండాకాలానికే మొలల చుట్టూ తెల్లగా ఉబ్బింది, వానలు పడ్డాక ఉల్లిపొట్టులా లేచి గోరు పెడితే చాలు వచ్చేసేది. రంగు లేని వార్నిష్ లోంచి ఎండలోని అతినీలలోహిత కిరణాలు దూరిపోయి, చెక్క పీచును పట్టి ఉంచే లిగ్నిన్‌ను దెబ్బతీస్తాయట. పై చెక్కే వదులైపోతే పొర దేన్ని పట్టుకుంటుంది? ఊడితే ఊడింది, మళ్లీ పూయాలంటే పాతదంతా గీకాలి, అదీ అసలు నరకం. వడ్లాయనా నేనూ నాలుగు రోజులు మెషీన్‌తో రుద్దాం, ముందు గరుకైన 60 నంబర్ శాండ్‌పేపర్, తర్వాత కాస్త సన్నని 100. అన్నం గిన్నెలో కూడా దుమ్మే. ఇనుప మొలల దగ్గరి నల్ల మరకలు అప్పటికీ పోలేదు. గ్లౌజులు వేసుకుని ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లతో రుద్ది, మంచినీళ్లతో బాగా కడిగితే వదిలాయి.

తర్వాత డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అదే అవిసె నూనె. చవక, వాసన కూడా నాకిష్టం. కానీ వానాకాలంలో బూజు పట్టి నల్ల చుక్కలు పడ్డాయి. దీన్ని వాడేవాళ్లకు ఒక్కటి చెప్పాలి: తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకండి, నూనె ఆరుతూ వేడెక్కి గుడ్డలు వాటంతట అవే అంటుకోగలవు. మేం బయట దండెం మీద విప్పి ఆరేశాం.

నాలుగేళ్లుగా వాడుతున్నది రంగు కలిపిన డెక్ ఆయిల్, అంటే ఆరుబయటి చెక్క నేలలకు పూసే నూనె, ముదురు గోధుమ. ఎండను ఆపేది ఆ రంగే. మెరుపు ఉండదు, టేకు గీతలు కొంచెం మసకబారతాయి (మా ఆవిడకు ఇప్పటికీ నచ్చలేదు), ధర కూడా వార్నిష్ కంటే ఎక్కువే పడింది. కానీ పొర కట్టదు కాబట్టి ఊడదు, మెల్లగా వెలుస్తుందంతే. సంక్రాంతి అయ్యాక సబ్బునీళ్లతో కడిగి, రెండు మూడు రోజులు ఆరనిచ్చి, ఎండ ఎక్కకముందే ఒక కోటు వేస్తే ఒక పూట పని. పావుగంట ఆగి, పీల్చుకోకుండా మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. ఒకసారి బద్ధకించి వదిలేస్తే వారం దాకా కాళ్లకు జిగటగా అంటుకుంది, పిల్లల కాలిముద్రలు ఇంకా ఉన్నాయి.

ఇప్పుడు పూయాలా వద్దా అన్నది నీళ్లు చిలకరించి చూసుకుంటా. చుక్కలు గుండ్రంగా నిలబడితే డబ్బా తీయను. ఈసారి తూము దగ్గరి రెండు పలకలే నీళ్లు తాగుతున్నాయి, వాటికి మాత్రం పూసి మూత పెట్టేశా.