వేసవి బ్రేక్: సైకిల్ పూర్తిగా ఆపేయాలా, మెల్లగా తొక్కుతుండాలా?

నవంబర్ నుంచి మార్చిలోపు 200, 300, 400, 600 కి.మీ. బ్రెవెలన్నీ (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్‌లు) ముగించి సూపర్ రాండనర్ అనే బిరుదు అనిపించుకున్న హైదరాబాదీలకి ఏప్రిల్ రాగానే ఇదే చర్చ. ఆపేయాలా, ఊరికే తిరుగుతుండాలా, ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా నిలబెట్టి తొక్కే స్టాండు) బిగించుకోవాలా?

నా ఓటు ముందు ఆపేయడానికే, అయితే పది రోజులు, మించితే రెండు వారాలు. 40 గంటల గడువులో 600 తొక్కినవాడికి కాళ్ల నొప్పులు నాలుగు రోజుల్లో పోతాయి గానీ చిటికెన వేళ్ల తిమ్మిరి, తెల్లవారుజామున నాలుగింటి అలారం అంటేనే పుట్టే విసుగు అంత తొందరగా వదలవు. ప్రొఫెషనల్స్ కూడా అక్టోబర్‌లో ఇటలీలోని లొంబార్దియా రేసు అయ్యాక చాలామంది కొన్ని వారాలు సైకిల్ ముట్టరు. జీతం తీసుకుని తొక్కేవాళ్లకే లేని టెన్షన్ మనకెందుకు?

ఫిట్‌నెస్ పోతుందనే భయం సగమే నిజం. పది పన్నెండు రోజులు దాటేసరికి రక్తంలో ప్లాస్మా తగ్గుతుంది, అదే ఎత్తు ఎక్కితే గుండె ఇంకాస్త ఎక్కువ కొట్టుకుంటుంది, మూడు వారాలకి వీఓ2 మ్యాక్స్ (ఒళ్లు వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్) ఓ 6-7 శాతం పడొచ్చు, కానీ మళ్లీ తొక్కడం మొదలెడితే ప్లాస్మా వారం పది రోజుల్లోనే చాలావరకు కోలుకుంటుంది. నెలలకి నెలలు ఆపితేనే అసలు నష్టం. పైగా మనం సైకిల్ ఆపుతాం గానీ బిర్యానీ ఆపం కదా.

అందుకే రెండు వారాలయ్యాక మెల్లగా తొక్కడమే మేలు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ పైకప్పు ట్రాక్ 23 కి.మీ. ఉంది, వారానికి రెండుమూడు సార్లు, సైకిల్ కంప్యూటర్ ఇంట్లో పడేసి, కబుర్లు చెప్పుకుంటూ వెళ్లి రావచ్చు. చిక్కల్లా గుంపులో ఒకడు స్ట్రావా యాప్‌లో ఓ సెగ్మెంట్ (టైం పోల్చుకునే రోడ్డు ముక్క) కోసం లేచి తొక్కడం మొదలెడతాడు, ఇక మిగతావాళ్లూ ఆగరు. అలాంటి బ్యాచ్ అయితే ఈతకి పోవడం నయం.

ట్రైనర్ మాత్రం ఆగస్టులో పారిస్-బ్రెస్ట్-పారిస్ (ఫ్రాన్స్‌లో 1200 కి.మీ. బ్రెవె) లాంటి పెద్ద గురి ఉన్నవాళ్లకే. మే నెల గదిలో ఎదురుగాలి ఉండదు, ఒంటి వేడి పోదు, చెమట కారి హ్యాండిల్ కింది హెడ్‌సెట్ బోల్టుల్లోకి దిగి తుప్పు పట్టిస్తుంది. పెద్ద ఫ్యాను, టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై గొట్టం) మీద పాత తువ్వాలు ఉండాల్సిందే.

ఏది ఎంచుకున్నా తిరిగొచ్చిన మొదటి ఆదివారమే అనంతగిరి కొండలు ఎక్కేద్దామని బయల్దేరకండి, ఊపిరి తొందరగానే అందుకుంటుంది గానీ మోకాళ్లకి ఇంకా టైం కావాలి.