బ్యాంకా, ఓడలా, దుకాణాలా, భూమా: అమెరికా నల్లజాతి స్వావలంబనకు ఏది మేలు?

1968 ఏప్రిల్ 3 రాత్రి మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగంలో చివరి మాటలు ప్రపంచమంతా ఎరుగు. కొండ ఎక్కి వాగ్దత్త భూమిని చూశానన్న మాటలవి. మర్నాడే ఆయన్ని కాల్చి చంపడంతో జనం నోట అవే నిలిచిపోయాయి. అదే ప్రసంగం మధ్యలో ఆయన డబ్బు సంగతి సూటిగా మాట్లాడారు. ఫలానా కంపెనీ రొట్టె, ఫలానా కంపెనీ పాలు, కోకాకోలా కొనొద్దన్నారు. ఊరి నడిబొడ్డు బ్యాంకుల్లో ఉన్న డబ్బు తీసేసి నల్లవాళ్లు నడిపే ట్రై-స్టేట్ బ్యాంకులో వేయమన్నారు. బీమా కూడా మనవాళ్ల దగ్గరే చేయించుకోండన్నారు.

ఆ సలహా ఎంతవరకు నిలుస్తుంది? కింగ్‌కు ముందూ తర్వాతా ఇదే సమస్యకు వేరే వేరే జవాబులు చెప్పినవాళ్లున్నారు. జమైకా నుంచి వచ్చిన నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ ఓడలు కొనమన్నారు. ఓక్లహామా రాష్ట్రంలోని తుల్సా నల్లవాళ్లు ఒక వీధి నిండా దుకాణాలు పెట్టుకున్నారు. మిసిసిపి, జార్జియా రైతులు నేల కొన్నారు. వీటిని పక్కపక్కన పెట్టేటప్పుడు లాభాల లెక్క పెద్దగా పనికిరాదు. దాదాపు అన్నీ ఎప్పుడో ఒకప్పుడు దెబ్బతిన్నవే, కొన్నింటినైతే పనిగట్టుకుని దెబ్బతీశారు. కాబట్టి నేను చూసేది ఒక్కటే: దెబ్బ పడ్డాక మామూలు మనిషి చేతిలో ఏం మిగిలింది?

బ్యాంకు: పెత్తనం ఎవరిదన్నదే అసలు సంగతి

1865 మార్చి 3న లింకన్ సంతకంతో ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు పుట్టింది. బానిసత్వం నుంచి అప్పుడప్పుడే బయటపడుతున్న కూలీలు, సైనికులు, బట్టలుతికి బతికే ఆడవాళ్లు తమ తొలి సంపాదన అందులో దాచుకున్నారు. ఇది సర్కారు బ్యాంకే అన్నది చాలామంది నమ్మకం. డిపాజిట్లకు ప్రభుత్వ హామీ ఏదీ లేదని వాళ్లకు విడమరచి చెప్పిన నాథుడు లేడు. మొదట్లో ఆ సొమ్మును ప్రభుత్వ బాండ్లలో పెట్టేవారు. 1870లో చార్టర్ (బ్యాంకును పుట్టించిన చట్టం) సవరించి, ఆస్తుల తనఖా మీద అప్పులివ్వడానికి తలుపులు తెరిచారు. ఫైనాన్స్ కమిటీకి పెద్ద హెన్రీ కుక్. ఆయన అన్న జే కుక్ రైల్వే బాండ్ల వ్యాపారంలో ఉన్నాడు. ఇంకేముంది, చాకలి పని చేసి దాచుకున్న డబ్బు రైల్వే జూదంలోకి పారింది. 1873లో జే కుక్ సంస్థ కూలింది. 1874 మార్చిలో, ఇల్లు సగం కాలాక, బానిసత్వ వ్యతిరేక పోరాట నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను తెచ్చి అధ్యక్ష కుర్చీలో కూర్చోబెట్టారు. పాపం, ఆయన సొంత డబ్బు 10,000 డాలర్లు అందులో పోశారు. జూన్ నెలాఖరుకు బ్యాంకు మూతపడింది. అప్పటికి 61,000 మందికి పైగా ఖాతాదారులు, దాదాపు 30 లక్షల డాలర్ల డిపాజిట్లు. వాళ్లలో సుమారు సగం మందికే ఏదో ముట్టింది, అదీ ఏళ్ల తరబడి, రూపాయికి పదణాల లెక్కన. మిగతావాళ్లకు పాస్‌బుక్ మిగిలింది.

దీని పక్కన వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో నల్లవాళ్లే పెట్టుకున్న బ్యాంకును పెట్టి చూడండి. మ్యాగీ లీనా వాకర్ తల్లి కూడా బట్టలుతికి సంసారం ఈదిన మనిషే. చావు ఖర్చులకు, జబ్బు చేస్తే ఆసరాకు సభ్యులు చందాలేసుకునే సెయింట్ ల్యూక్ సంఘాన్ని వాకర్ నడిపేవారు. ఐదు సెంట్ల బిళ్లల్ని డాలర్లుగా మార్చే బ్యాంకు మనకు కావాలని 1901లో సభలో అడిగి, 1903లో పెట్టి చూపించారు. అమెరికాలో బ్యాంకు స్థాపించి అధ్యక్షురాలైన తొలి నల్లజాతి మహిళ ఆమె. పిల్లలకు డబ్బాలిచ్చి ఒక్కో పెన్నీ దాచడం అలవాటు చేయించారు. 1920 నాటికి ఆ బ్యాంకు అప్పుతో సుమారు 600 ఇళ్లు నల్ల కుటుంబాల సొంతమయ్యాయి. 1930లో, మహామాంద్యంలో బ్యాంకులు వరసగా కూలుతున్న రోజుల్లో, ఊళ్లోని మరో రెండు నల్లజాతి బ్యాంకులతో కలిపేసి దాన్ని బతికించారు.

పొదుపు చేసినవాళ్లు రెండు చోట్లా ఒకటే. తేడా అంతా అప్పు ఎవరికివ్వాలో తేల్చే బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్నదే. రిచ్‌మండ్‌లో ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్లకు అప్పడిగే మనిషి వాడకట్టు, పని, నడత అన్నీ తెలుసు.

అయినా బ్యాంకుతో ఒక చిక్కు ఉంది, వాకర్ అంతటి మనిషి ఉన్నా తీరనిది. పేదల డిపాజిట్లు చిన్నవి, నెల తిరక్కముందే తీసుకోవాల్సి వచ్చేవి. కాబట్టి బ్యాంకు చేతిలో ఎప్పుడూ నగదు ఉంచుకోవాలి, దీర్ఘకాలం అప్పులివ్వలేదు. ఇచ్చిన అప్పుకు తనఖా నల్లవాళ్ల పేటలోని ఇల్లు. 1930ల నుంచి ఫెడరల్ మ్యాపుల్లో ఆ పేటలకు ఎర్ర రంగు పూసి రుణానికి పనికిరావన్నారు. ఇంటి విలువ పడితే తనఖా విలువా పడుతుంది, బ్యాంకు పద్దు చిక్కిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ల ఆస్తి పెరగకుండా వాళ్ల బ్యాంకు ఒక్కటే పెరగదు.

ఓడలు

గార్వీ 1919లో బ్లాక్ స్టార్ లైన్ పెట్టారు. వాటా ఐదు డాలర్లు, నల్లజాతి వాళ్లకే అమ్మకం. న్యూయార్క్‌లోని హార్లెమ్ ఇంటిపనివాళ్లు, పనామా కాలువ కూలీలు, కరీబియన్ దీవుల వాళ్లు కొన్నారు. మొదటి ఓడ యార్మౌత్. 1887లో కట్టిన ముసలి బొగ్గు ఓడ, దానికి పోసింది 1,65,000 డాలర్లు. తెల్లవాళ్ల ఓడల్లో అవమానాలు పడిన జనానికి నల్ల కెప్టెన్ నడిపే ఓడ రేవులోకి రావడం ఎంతటి పండగో ఊహించుకోవచ్చు. క్యూబాలో దాన్ని చూడ్డానికి జనం విరగబడ్డారు. పండగ వేరు, సరుకు రవాణా వేరు. ఓడను ఊరేగింపులా రేవు రేవుకూ తిప్పుతుంటే అడుగున కొబ్బరికాయలు కుళ్లిపోయాయి. బాయిలర్ల మరమ్మతులకే డబ్బు కరిగిపోయింది.

ప్రభుత్వం గార్వీ వెంట పడింది నిజమే, తర్వాత ఎఫ్‌బీఐ అధిపతి అయిన ఎడ్గార్ హూవర్, అప్పటికి యువకుడు, అందులో ముందున్నాడు. కానీ సాకు చేతికిచ్చింది కంపెనీయే. ఇంకా కొనని ఓడ బొమ్మను తమదన్నట్టు కరపత్రంలో వేసి పోస్టులో పంపారు. మెయిల్ ఫ్రాడ్ (పోస్టు ద్వారా మోసం) కేసులో 1923లో గార్వీకి శిక్ష పడింది, 1927లో జమైకాకు పంపేశారు. 2025 జనవరిలో బైడెన్ క్షమాభిక్ష ఇచ్చారు, ఆయన పోయిన దాదాపు 85 ఏళ్లకు. వాటాదారులకు రంగురంగుల కాగితాలు మిగిలాయి. ఆత్మగౌరవం కూడా మిగిలిందంటారు గార్వీ అభిమానులు. ఘనా తన జెండాలో నల్ల నక్షత్రం పెట్టుకుందంటే ఆ వాదనలో బలం ఉంది. కానీ ఐదు డాలర్లు పెట్టిన పనిమనిషి లెక్కలో చూస్తే నాలుగు దారుల్లోనూ ఇదే అధమం. తను చూడని, పట్టుకోలేని, ప్రశ్నించలేని చోట ఆమె డబ్బు ఉంది.

దుకాణాల వీధి

తుల్సాలోని గ్రీన్‌వుడ్ కథ ఈ మధ్య మన దగ్గర కూడా చాలామంది చెబుతున్నారు, అదీ 1921 మే 31, జూన్ 1 తేదీల్లో తెల్ల మూకలు 35 బ్లాకుల్ని తగలబెట్టిన దాకానే. నా ప్రశ్నకు జవాబు ఆ తర్వాతే ఉంది. అల్లర్లలో నష్టానికి పరిహారం లేదన్న షరతు చూపించి బీమా కంపెనీలు చేతులు దులుపుకున్నాయి. నగరపాలక సంస్థ కొత్తగా అగ్నిమాపక నిబంధన పెట్టి, మళ్లీ కట్టుకోవాలంటే మోయలేనంత ఖర్చయ్యేలా చేసింది. స్థలాలు తక్కువకు అమ్ముకుని పోతారని ఎత్తుగడ. బి.సి. ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి లాయరు గుడారంలో ఆఫీసు పెట్టుకుని ఆ నిబంధనను కోర్టులో కొట్టేయించారు. జనం మళ్లీ కట్టుకున్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1925లో, నల్లజాతి వ్యాపారుల సంఘమైన నేషనల్ నీగ్రో బిజినెస్ లీగ్ మహాసభ అక్కడే జరిగింది.

ఎలా సాధ్యమైంది? దుకాణం, సరుకు, గల్లాపెట్టె అన్నీ బూడిదైనా కింద స్థలం వాళ్లదే కావడం వల్ల. అద్దెకున్న దుకాణదారుకు ఆ ఆధారం ఉండేది కాదు.

“మనవాళ్ల దగ్గరే కొనండి” అన్న పిలుపు నేటికీ వినిపిస్తుంది. మంచిదే. అయితే దుకాణం ఎవరిదైనా సరుకు ఎక్కడిదన్నది చూడాలి. వాకర్ 1905లో పెట్టిన పెద్ద బట్టల కొట్టుకు సరుకు ఇవ్వొద్దని తెల్ల వ్యాపారులు టోకు వర్తకుల మీద ఒత్తిడి తెచ్చారు. 1911లో అది మూతపడింది.

నేల, అందులోనూ రెండు రకాలు

1962లో ఓటరుగా నమోదు కావడానికి వెళ్లినందుకు ఫానీ లూ హేమర్ అనే నల్లజాతి మహిళను అదే రోజు ప్లాంటేషన్ (దొర పెద్ద పొలం) నుంచి వెళ్లగొట్టారు. పద్దెనిమిదేళ్లు చాకిరీ చేసిన చోటు. ఇల్లు, పని, తిండి మూడూ ఒకే దొర చేతిలో ఉంటే ఓటు హక్కు కాగితం మీదే ఉంటుందని ఆమెకు అనుభవంలోకి వచ్చింది. 1969లో మిసిసిపిలోని సన్‌ఫ్లవర్ కౌంటీలో 40 ఎకరాలతో ఫ్రీడమ్ ఫార్మ్ సహకార సంఘం మొదలుపెట్టారు. తర్వాత అది 600 ఎకరాలు దాటింది.

అందులో నాకు బాగా నచ్చేది పందుల బ్యాంకు. నల్లజాతి మహిళల జాతీయ మండలి ఇచ్చిన సుమారు 50 పందులతో మొదలైంది. చూడి పందిని ఒక కుటుంబానికిస్తారు. ఈనాక పిల్లలు ఆ కుటుంబానివి, తల్లి తిరిగి బ్యాంకుకు. ఎదిగిన పిల్లల్లోంచి ఇరుగుపొరుగుకు కొన్ని ఇవ్వాలి. వడ్డీ లేదు, తనఖా లేదు, ఎగ్గొడితే ఊరంతటికీ తెలుస్తుంది. పెరట్లో పంది, తోటలో కూరగాయలు ఉంటే మనల్ని ఎవడూ నెట్టేయలేడు అనేవారు హేమర్.

మరి ఆ పొలం ఏమైంది? నెలకు ఒక డాలరు చందా కట్టగలిగిన కుటుంబాలు ముప్పై ఉంటే గొప్ప. మిగతాదంతా ఉత్తరాది దాతల విరాళాల మీద, హేమర్ పేరు మీద నడిచింది. వరదలు, కరువు, పన్ను బకాయిలు మీదపడ్డాయి. ఆమె ఆరోగ్యం పాడైంది. 1970ల మధ్యలో పొలం చేజారింది, 1977లో ఆమె పోయారు. ఒక్క మనిషి భుజాల మీద నిలబడ్డ సంఘానికి ఇది తప్పదు.

అదే 1969లో జార్జియాలో చార్లెస్, షిర్లీ షెరాడ్ దంపతులు, వాళ్ల మిత్రులు కలిసి న్యూ కమ్యూనిటీస్ స్థాపించారు. 5,700 ఎకరాలు. ఇక్కడ నేల ఏ ఒక్కరి పేరునా ఉండదు. ట్రస్టుదే ఉంటుంది, కుటుంబాలకు దీర్ఘకాలపు కౌలు. అమెరికాలో తొలి కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టు ఇదే. దీన్ని రూపుదిద్దినవాళ్లలో ఒకరైన బాబ్ స్వాన్‌కు స్ఫూర్తినిచ్చిన వాటిలో వినోబా భావే గ్రామదానం ఒకటి. దాని మూలం మన పోచంపల్లిలో ఉంది: 1951 ఏప్రిల్ 18న దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానన్న చోట. భూదానంలో విడివిడిగా పంచిన భూములు పెట్టుబడి లేక మళ్లీ చేతులు మారడం చూశాకే ఊరంతటి పేరా ఉంచే గ్రామదానం వైపు మొగ్గారు. పోచంపల్లి ఆలోచన జార్జియా వేరుసెనగ చేలదాకా పోయిందని మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా చదివిన గుర్తు లేదు.

ఉమ్మడి హక్కు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే దక్షిణాది నల్లజాతి భూములు ఎలా పోయాయో చూడాలి. 1920లో అమెరికా రైతుల్లో 14 శాతం, 9 లక్షలకు పైగా, నల్లవాళ్లు. ఇప్పుడు రెండు శాతం కూడా లేరు. చాలామంది వీలునామా రాయలేదు. కోర్టులంటే భయం, అపనమ్మకం. తాత పేరు మీదే భూమి ఉండిపోయేది, విరాసత్ చేయించుకోకుండా మూడు తరాలు దున్నుకునేవారు. మన పల్లెల్లో ఇది ఎవరికీ వివరించనక్కర్లేదు. ఎక్కడో షికాగోలో స్థిరపడ్డ మనవడి దగ్గర అతని చిన్న పాలు కొనేసి, బయటి వ్యాపారి కోర్టుకెళ్లి భాగపంపిణీ అడుగుతాడు. ముక్కలు చేయడం కుదరదని కోర్టు మొత్తం భూమిని వేలం వేయిస్తుంది. వేలంలో కొనేదీ అతనే. 2010లో దీనికి అడ్డుకట్ట వేసే నమూనా చట్టం తయారై, చాలా రాష్ట్రాలు ఆమోదించాయి, కానీ అప్పటికే పోయిన భూములు ఎన్నో. ట్రస్టు భూమిలో అమ్ముకునే పాలే లేదు కాబట్టి ఈ ఎత్తు పారదు.

ట్రస్టుకు తగిలింది వేరే దెబ్బ. కరువు కాలంలో తెల్ల రైతులకు అందిన అత్యవసర రుణం న్యూ కమ్యూనిటీస్‌కు అందలేదు. ఇచ్చేది వ్యవసాయ శాఖ స్థానిక కార్యాలయం, అక్కడి అధికారి కుదరదన్నాడు. రుణం వచ్చేసరికి అప్పులు పీకలదాకా పెరిగాయి. 1985లో పొలం జప్తయింది. కానీ రికార్డులున్నాయి, సంఘం ఉంది, మనుషులున్నారు. నల్ల రైతుల వివక్ష దావాలో 2009లో సుమారు కోటీ ఇరవై లక్షల డాలర్ల పరిహారం తీర్పొచ్చింది. 2011లో జార్జియాలోని ఆల్బనీ దగ్గర 1,638 ఎకరాల పాత ప్లాంటేషన్ కొన్నారు, ఒకప్పుడు బానిసలతో సాగు చేయించిన నేల అది. దెబ్బ తిన్న పాతికేళ్లకు మళ్లీ నేల దక్కించుకున్న ఉదాహరణ ఈ నాలుగు దారుల్లో ఇదొక్కటే కనిపిస్తుంది నాకు.

అయితే ఏది?

నేను ఉమ్మడి నేలకే ఓటేస్తాను, ఒక షరతుతో: పక్కనే వాకర్ బ్యాంకు లాంటిది ఉండాలి. షెరాడ్ దంపతుల దగ్గర నేల ఉంది, కరువులో ఆదుకునే సొంత అప్పు లేదు. వాకర్ దగ్గర అప్పు ఉంది, అది ఇళ్లుగా మారింది కాబట్టే విలువ. దుకాణం ఆ రెండింటి మీద నిలబడితే మంచిదే, ముందే పెట్టుకుంటే సరుకిచ్చేవాడి దయ. ఓడల వాటాలు చివర్న.

నల్లవాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు నగరాల్లో ఉన్నారు, పొలం కబుర్లెందుకని అడగొచ్చు. బోస్టన్‌లోని రాక్స్‌బరీలో డడ్లీ స్ట్రీట్ వాళ్లు ఇదే పద్ధతిని పేట మధ్యలో పెట్టారు. ఖాళీ స్థలాలను బలవంతంగా సేకరించే అధికారం 1988లో ఒక పేట సంఘానికి దక్కడం అక్కడి విశేషం. ట్రస్టు నేల మీద ఇల్లు కుటుంబానిది.

దీనికి గట్టి అభ్యంతరం కూడా ఉంది, దాన్ని దాటవేయలేను. ట్రస్టు ఇంటిని బజారు ధరకు అమ్మనివ్వరు, తర్వాత వచ్చే పేదవాడికీ అందాలని పరిమితి పెడతారు. 2022 లెక్కల్లో మధ్యస్థ తెల్ల కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబానిది 44,900. తెల్లవాళ్లు ఇళ్ల ధరలు పెరిగే తరాల్లో గడించి, మా వంతు వచ్చేసరికి ధర పెరగకూడదంటారా అని నల్లవాళ్లే అడుగుతున్నారు. న్యాయమైన కోపం. ఒక కుటుంబం కోసం అడిగితే, ధర పెరిగే చోట సొంత ఇల్లే కొనుక్కోమంటాను. వీధి మొత్తం కోసం అడిగితే ట్రస్టే. ఈ రెండు లెక్కలూ ఒకటి కావు, ఎవరి కోసం అడుగుతున్నారో ముందే తేల్చుకుని అడగాలి.