పాలమూరులో పదిహేను రోజులు, బోర్డు లేని ఒక రొట్టెల హోటల్

లెక్కల తనిఖీ పని మీద పాలమూరు, అంటే మహబూబ్‌నగర్‌లో పదిహేను రోజులు ఉండవలసి వచ్చింది. మాది ఖమ్మం. హైదరాబాద్ మహాత్మాగాంధీ బస్టాండు నుంచి పాలమూరు బస్సులకు కొదవ లేదు. వంద కిలోమీటర్ల దూరం, ఎక్కినది రెండున్నర గంటల్లో దించింది. కాచిగూడ నుంచి రైలు కూడా ఉంది కానీ మన వేళకు కుదరాలి.

బస్టాండు దగ్గర లాడ్జిలో రోజుకు 900 రూపాయలకు గది తీసుకున్నాను. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. వేడినీళ్లు మాత్రం పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర వరకే. మొదట ఇచ్చిన వీధివైపు గదిలో హారన్లకు మూడు రాత్రులు నిద్ర లేదు. అడిగితే వెనుకవైపు గదికి మార్చారు, ఆ తర్వాత బాధ లేదు. వెళ్లేవారు ముందే అడిగి తీసుకోండి.

అసలు ఇబ్బంది మధ్యాహ్నం భోజనంతో వచ్చింది. మాకు ఇచ్చే విరామం ముప్పావుగంట. మొదటి రోజు మెయిన్ రోడ్డు మీద ఏసీ రెస్టారెంటుకు వెళ్లాను. థాలీ 220 రూపాయలు. అది బల్ల మీదికి రావడానికే నలభై నిమిషాలు పట్టింది. తొమ్మిది గిన్నెలు పెట్టారు, అన్నిటికీ ఒకటే మసాలా. రెండో రోజు టిఫిన్ సెంటరులో దోసె తిని సరిపెట్టుకుంటే నాలుగు గంటలకే ఆకలి. మూడో రోజు ఆఫీసు అటెండరు నా వాలకం చూసి, "సార్, ఈరోజు నాతో రండి. జొన్న రొట్టె తింటారా?" అని అడిగాడు. ఆయన వచ్చే ఏడాది రిటైరవుతాడు, నాకంటే పదేళ్లు పెద్ద.

ఆఫీసు వెనుక సందులో, జిరాక్సు దుకాణం పక్కన రేకుల షెడ్డు. బోర్డు లేదు. ఆఫీసులో అందరూ ‘రొట్టెల దగ్గర’ అంటారు, అంతే. మూడు బెంచీలు, చేతులు కడుక్కోవడానికి కుళాయి ఉన్న డ్రమ్ము, రెండు పొయ్యిలు. రొట్టెలు చేసే ఆమె, ఆమె కోడలు, వడ్డించే కుర్రాడు. ఇంతే మనుషులు. రొట్టె 20 రూపాయలు, కూరలకు వేరే డబ్బు లేదు. రెండు రొట్టెలు తింటే చాలనిపిస్తుంది, ఆకలి మీద ఉంటే మూడు. పైన కొంచెం అన్నం, పచ్చిపులుసు కావాలంటే ఇంకో 20.

ఆ మొదటి రోజు కూర్చోవడానికి చోటు లేక పొయ్యి పక్కన నిలబడ్డాను. అలా నిలబడడమే మంచిదైంది. ఆమె ఎసరు మరగనిచ్చి పిండిలో పోసి, చెక్కతో కలిపి, చెయ్యి ఓర్చుకునే వేడికి రాగానే పిసకడం మొదలుపెడుతుంది. ఒకేసారి నాలుగు రొట్టెలకు సరిపడా మాత్రమే. జొన్నపిండిలో గోధుమకు ఉండే జిగురు ఉండదు. ఆ వేడినీళ్లే దానికి పట్టు ఇవ్వాలి. తర్వాత పీట మీద పొడిపిండి చల్లి, ముద్ద పెట్టి, గాజులు మోచేతి వైపు నెట్టుకుని అరచేత్తో కొడుతుంది. కొట్టిన ప్రతిసారీ రొట్టె కొద్దిగా తిరుగుతుంది. కర్ర లేదు, మూస లేదు, అయినా గుండ్రం చెదరదు. పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన నీళ్లు అద్దుతుంది. ఆ తడి ఆరగానే తిప్పి, చివరకు మంట మీదికి నెడితే పూరీలా పొంగుతుంది. పొంగిన రొట్టెను నా పళ్లెంలో పడేసి, "వేడి మీదే తినాలి సార్, మాటలు తర్వాత" అంది.

వేలు కాలింది. తుంచితే లోపలి నుంచి ఆవిరితో పాటు కొత్త జొన్నల వాసన వచ్చింది. పక్కన పుంటికూర (గోంగూర) పప్పు, వంకాయ కూర, వెల్లుల్లి వేసి దంచిన పల్లికారం. ఈ జిల్లాలో వేరుశనగ బాగా పండుతుంది. ఆ కారంలో పల్లీలను నూరి పిండి చేయరు, కచ్చాపచ్చాగా దంచుతారు, పలుకులు పంటికి తగులుతాయి. దాని మీద నూనె చుక్క వేసుకుని రొట్టెతో అద్దుకుంటే కూరలు రెండూ పక్కకు పోతాయి. పని ఉన్న రోజులన్నీ అక్కడే తిన్నాను, ఒక్కరోజూ విసుగు రాలేదు. కూరలు రోజూ మారతాయి, కారం మారదు. బుధవారం కోడికూర ఉంటుంది, దానికి 60 అదనం. శనివారం మాంసం వండరు.

తింటూ అటెండరు చెప్పిన మాట నన్ను చాలా ఆలోచింపజేసింది. ఆయన చిన్నతనంలో ఇంట్లో రెండు పూటలా జొన్న రొట్టె, గటకే (జొన్న రవ్వను ఉడికించింది) ఉండేవట. వరి అన్నం పండుగకు, చుట్టాలొస్తే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టాక ఇంట్లో రొట్టెల పీట మూలకు చేరిందని చెప్పాడు. ఇప్పుడు డాక్టరు షుగరు ఉందన్నాక ఆయన మళ్లీ రొట్టెకు వచ్చాడు, కానీ ఇంట్లో కోడళ్లకు రొట్టె కొట్టడం రాదు. ఆ షెడ్డుకు వచ్చేవారిలో సగం మంది సంగతి ఇదేనట. ఒకప్పుడు లేనివాళ్ల కూడు అనిపించుకున్నది ఇవాళ వరస కట్టి కొనుక్కునే తిండి అయింది. అది ఇంకా చేయగలిగిన చేతులు ఉన్నందుకు నాకు నిజంగా సంతోషం కలిగింది.

లోటు లేదని చెప్పను. వేసవిలో ఆ రేకుల కింద కూర్చోవడం కష్టం. మా బృందంలోని మేడమ్ ఒకసారి వచ్చి, ఆ ఇరుకులో కూర్చోలేక మర్నాటి నుంచి పార్సిల్ తెప్పించుకున్నారు. పార్సిల్‌లో రొట్టె పావుగంటకే బిగుసుకుంటుంది, అందులో సగం రుచి పోయినట్టే. ఒక బెంచీ ఆడవాళ్లకు విడిగా వేస్తే బాగుండేది. ఆ మాట రొట్టెలు చేసే ఆమెతో అన్నాను కూడా. ఒంటిగంట లోపు వెళ్లాలి, రెండు దాటితే కూరలు అయిపోతాయి. ఆదివారం సెలవు. కొత్త ముఖం కనిపిస్తే ముందు అన్నమే పెడతారు, రొట్టె కావాలని నోరు తెరిచి అడగాలి.

ఒక ఆదివారం పిల్లలమర్రి చూశాను. ఊరికి నాలుగు కిలోమీటర్లు, ఆటోలో వెళ్లాను. ఏడు వందల ఏళ్లు దాటిందని చెప్పే మర్రి, మూడెకరాలకు పైగా పరుచుకుంది. 2017 చివర చెదలు పట్టి పెద్ద కొమ్మ విరిగిపడితే, మనుషులకు సెలైన్ ఎక్కించినట్టు సీసాలు కట్టి మందు ఎక్కించి బతికించారు. నన్ను కంచె అవతలి నుంచే చూడనిచ్చారు. అదే సరైన పని. మన్యంకొండ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాలనుకున్నాను, సమయం చాలలేదు.

వెళ్లే ముందు రోజు రొట్టెలు చేసే ఆమెను, ఇంటికి పది రొట్టెలు కావాలని అడిగాను. "ఇవి రేపటికి రాయి అవుతాయి సార్. పలుచగా కొట్టి ఎండబెట్టినవి ఇస్తాను, పొద్దున రండి" అంది. మర్నాడు కాగితంలో చుట్టి, పల్లికారం పొట్లం మీద పెట్టి ఇచ్చింది. కారానికి డబ్బు తీసుకోలేదు. బస్సులో ఖమ్మం దాకా ఒళ్లోనే పెట్టుకున్నాను, ఒక్కటే విరిగింది. ఆ విరిగినదాన్ని అమ్మ పప్పులో నానబెట్టుకుని తిని, ఇంకొకటి తీసుకుంది. డబ్బాలో ఇంకా ఆరు ఉన్నాయి.