మైదానానికీ, మేడ మీది ఆకాశానికీ ఒకటే బైనాక్యులర్? నికాన్ ఆక్యులాన్ ఏ211 10×50

ఈ బైనాక్యులర్ గురించి అడిగేవాళ్ళలో చాలామంది ఒక్క కొనుగోలుతో మూడు సరదాలు తీరిపోవాలనుకుంటారు. సాయంత్రం ఫుట్‌బాల్ మ్యాచ్, ఎప్పుడైనా కారు రేసు, రాత్రి మేడ మీద చుక్కలు. ముందే చెప్పేస్తే మంచిది: ఇది చుక్కలు చూసేవాళ్ళ వస్తువు. ఆ పనికి కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు. ఫుట్‌బాల్‌లో కొన్ని క్షణాలకు ప్రాణం పోస్తుంది, మిగతా సమయమంతా మెడకు బరువు. కారు రేసుకు మాత్రం దాదాపు దండగ. ఈ మూడింటికీ తేడా ఎక్కడొస్తోందో దాని అంకెల్లోనే ఉంది.

10×50లో పది అంటే పది రెట్లు దగ్గరగా చూపడం, యాభై అంటే ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు. యాభైని పదితో భాగిస్తే వచ్చే 5 మిల్లీమీటర్లు, కంట్లోకి దిగే కాంతి కట్ట వెడల్పు. చీకట్లో అరగంట ఉన్నాక యువకుల కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. యాభై దాటినవాళ్ళలో చాలామందికి 5 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి రాత్రిపూట ఈ కాంతి మొత్తం కంట్లోకి వెళ్తుంది. పగలు, ఫ్లడ్‌లైట్ల కింద మాత్రం కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది, మిగతా కాంతి దాని బయటే పడిపోతుంది. అంటే మధ్యాహ్నం మ్యాచ్‌లో ఈ 10×50 చూపించే వెలుగు, చిన్న 10×30 చూపించే వెలుగూ ఒకటే. బరువు మాత్రం 900 గ్రాములు. చూపు వెడల్పు 6.5 డిగ్రీలు, అంటే 100 మీటర్ల దూరంలో 11.4 మీటర్ల మేర కనిపిస్తుంది. ఈ 11.4ని గుర్తుపెట్టుకోండి, మైదానం దగ్గర మళ్ళీ పని పడుతుంది.

ముందు ఆకాశం. నిండు చంద్రుడు అర డిగ్రీ, కాబట్టి ఈ చూపులో పక్కపక్కన పదమూడు మంది చంద్రులు పడతారు. అంత వెడల్పు టెలిస్కోప్‌కి ఉండదు. కృత్తికలు, మన పల్లెల్లో పిల్లలకోడి అనే గుంపు, రెండు డిగ్రీల లోపే ఉంటుంది. మామూలు కంటికి ఆరు చుక్కలు. ఇందులో చూస్తే నీలి తెలుపు చుక్కలు ముప్ఫైకి పైగా, చుట్టూ నల్లటి ఖాళీతో సహా కళ్ళ ముందు నిలబడతాయి. అయితే కార్తీక పౌర్ణమి నాడు దీని కోసం మేడ ఎక్కకండి. ఆ రాత్రి చంద్రుడు సరిగ్గా ఆ పక్కనే ఉంటాడు, వెన్నెలకి అన్నీ కొట్టుకుపోతాయి. ఆ మాసం చివర, పోలి పాడ్యమికి ముందు వచ్చే అమావాస్య రాత్రి పది, పదకొండింటికి చూడండి. మనకి అవి దాదాపు నడినెత్తికి వచ్చేస్తాయి.

అదే చలికాలంలో ఓరియన్ అనే వేటగాడి ఆకారపు చుక్కల్లో, మూడు చుక్కల బెల్టు కింద వేలాడే కత్తి దగ్గర ఓరియన్ నీహారిక, అంటే వాయువు, దుమ్ము మేఘం, బూడిదరంగు రెక్కలా కనిపిస్తుంది. ఫొటోల్లోని ఎరుపు, గులాబీ కంటికి రావు. ఏ బైనాక్యులర్‌లోనూ రావు. ఎందుకంటే అంత మసక వెలుతురులో మన కన్ను రంగుని పట్టలేదు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ ఊరి బయట పొడవాటి పొగచారలా తెలుస్తుంది. హైదరాబాద్ నడిబొడ్డున అయితే మధ్యలోని గుండ్రటి మసక మచ్చ ఒక్కటే మిగులుతుంది.

పెళ్ళిలో పురోహితుడు చూపించే అరుంధతిని దీంట్లో చూసి తీరాలి. వసిష్ఠుడు, అరుంధతి ఎడంగా విడిపోయి, వాళ్ళిద్దరి మధ్య మామూలు కంటికి అందని మూడో చుక్క బయటపడుతుంది. వసిష్ఠుడు కూడా నిజానికి జంట చుక్కే, కానీ ఆ జంటను విడదీయాలంటే టెలిస్కోప్ కావాలి. వైశాఖంలో రాత్రి పది ప్రాంతాన దక్షిణం వైపు అడ్డు లేని చోటుంటే ఒమేగా సెంటారీ అనే చుక్కల గుంపుని వదలకండి. హైదరాబాద్ నుంచి దిగంతానికి 25 డిగ్రీల ఎత్తుకి వస్తుంది, చిన్న దూదిపింజలా ఉంటుంది. లండన్‌లో ఉన్నవాళ్ళకి ఇది ఎప్పటికీ కనబడదు. వర్షాలు మొదలయ్యేలోపు తెల్లవారుజామున మూల నక్షత్రం వైపు, వృశ్చికం తోక దగ్గర, ఎం6, ఎం7 అనే రెండు చుక్కల గుంపులు ఒకే చూపులో ఇమిడిపోతాయి.

గురుగ్రహం చుట్టూ నాలుగు చంద్రులు తెలుస్తాయి, చెయ్యి కదలకపోతేనే. శని వలయం కనిపించదు. పది రెట్లకి అది కాస్త సాగిన చుక్క మాత్రమే. చంద్రుణ్ణి పౌర్ణమి నాడు కాకుండా శుద్ధ అష్టమి ముందువెనకల్లో చూడాలి. అప్పుడు వెలుగు పక్కనుంచి పడి గుంటల నీడలు లేస్తాయి.

లోపం కూడా ఇక్కడే కనబడుతుంది. మధ్యలో చుక్కలు సూదిమొనల్లా ఉంటాయి కానీ అంచుకు జరిగే కొద్దీ సాగి చిన్న పిట్టల్లా తయారవుతాయి. పగటి పూట ఎవరూ దీన్ని గమనించరు, చుక్కలు మాత్రం పట్టిచ్చేస్తాయి. చూడాలనుకున్నదాన్ని మధ్యకు తెచ్చుకుంటే సరిపోయే లోపం ఇది. అంచు దాకా పదునుగా ఉండేవి కావాలంటే ఖర్చు ఎన్నో రెట్లవుతుంది.

చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది. అసలు చిక్కు అద్దాల కంటే దీనితోనే. కుర్చీలో నిటారుగా కూర్చుని నడినెత్తి వైపు చూస్తే మూడు నిమిషాల్లో మెడ పట్టేస్తుంది. నవారు మంచం మీద వెల్లకిలా పడుకుని, మోచేతులు పక్కలకి ఆనించి, గొట్టాలను ముందు చివర దగ్గర పట్టుకోండి. సగం వణుకు అక్కడే పోతుంది. తక్కువ ఎత్తు వాటికి పిట్టగోడ మీద మడిచిన దుప్పటి వేసి దాని మీద ఆనించాలి. ముందువైపు నడిమి ఇరుసు చివర మూత విప్పితే ట్రైపాడ్ (మూడు కాళ్ళ స్టాండు) బిగించే మర ఉంటుంది. దానికి ఎల్ ఆకారపు అడాప్టర్ విడిగా కొనుక్కోవాలి. గురుగ్రహ చంద్రులను పక్కవాళ్ళకి చూపించాలంటే ఆ ఖర్చు తప్పదు.

ఇక మైదానం. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంలో ఫుట్‌బాల్ పిచ్ చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్ ఉంది. ట్రాక్ వంపుల వల్ల గోల్ వెనక కూర్చున్నవాళ్ళకి దగ్గరి గోల్ గీతే కనీసం 35 మీటర్లు. అవతలి గోల్ 140 దాటుతుంది. ఇలాంటి స్టేడియంలో బైనాక్యులర్ కావాలనిపించడం సహజం. మధ్య గీత ఎదురుగా కూర్చుంటే ఏ గోల్ అయినా సుమారు 70 మీటర్లుంటుంది. అక్కడ ఈ 10×50 చూపు వెడల్పు 8 మీటర్లు. గోల్ వెడల్పు 7.32. అంటే రెండు పోస్టులూ అటూ ఇటూ కొద్ది ఖాళీతో పడతాయి, అంతే. కార్నర్ (మైదానం మూల నుంచి కొట్టే బంతి) కొట్టేముందు గోల్‌కీపర్ ఎక్కడ నిలబడ్డాడో, ఎవరు ఎవరి చొక్కా పట్టుకు లాగుతున్నారో చూడ్డానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. 2024 నవంబర్ 18న ఇదే మైదానంలో మలేషియాతో 1-1గా ముగిసిన మ్యాచ్‌లో భారత్ గోల్ కార్నర్ నుంచే వచ్చింది, రాహుల్ భేకే తలతో కొట్టాడు. అలాంటి గోల్‌లో తలకు ముందు జరిగే తోపులాటే సగం ఆట. అది పైనుంచి మామూలు కంటికి దొరకదు.

బంతి కదలడం మొదలైతే మాత్రం బైనాక్యులర్ దించేయండి. పక్క గీత వెంట పరిగెత్తే వింగర్ సెకనుకు 8 మీటర్లు పోతాడు, సెకను తిరిగేసరికి చూపు దాటేస్తాడు. పైగా ఫుట్‌బాల్‌లో అందం బంతి లేని చోట ఉంటుంది. వెనక పక్కన కాపలా కాసే ఫుల్‌బ్యాక్ ఎప్పుడు పైకి వెళ్ళాడు, మధ్యలో ఖాళీ ఎవరు వదిలారు అనేది వెడల్పుగా చూస్తేనే అర్థమవుతుంది. ఎనిమిది మీటర్ల కిటికీలోంచి మ్యాచ్ చూసేవాడికి ఆట కనబడదు, ఆటగాళ్ళే కనబడతారు. మైదానమే ముఖ్యమనుకునేవాళ్ళు ఇదే వరుసలోని 8×42 తీసుకోవాలి. దాని చూపు 8 డిగ్రీలు, అదే 70 మీటర్ల దగ్గర దాదాపు 10 మీటర్లు, వణుకు తక్కువ. 9.3 డిగ్రీల 7×35 ఇంకా హాయి. ఆకాశానికి మాత్రం ఆ 35 మిల్లీమీటర్లు చాలవు. ఏది కొన్నా టికెట్ వెనక నిషేధించిన వస్తువుల జాబితా ముందు చదవండి. గేటు దగ్గర ఆపేస్తే దాచుకునే చోటుండదు.

సాయంత్రం నాలుగింటి మ్యాచ్‌లో పడమర ముఖంగా ఉండే స్టాండ్‌లో కూర్చుంటే ఎత్తు బంతి వెంట బైనాక్యులర్ తిప్పొద్దు. ఒక్క క్షణం సూర్యుడు చూపులో పడినా రెటీనా, అంటే కంటి వెనకున్న పొర, కాలిపోతుంది. రెటీనాకి నొప్పి తెలీదు, కాబట్టి అప్పటికప్పుడు ఏమీ అనిపించదు. పిల్లల చేతికి ఇవ్వాలంటే సూర్యాస్తమయం తర్వాతే ఇవ్వండి.

కారు రేసు సంగతి ఒక్క లెక్కతో తేలిపోతుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 55 మీటర్లు. 100 మీటర్ల దూరంలో అడ్డంగా దూసుకెళ్ళే కారు ఆ 11.4 మీటర్లను సెకనులో ఐదో వంతులో దాటేస్తుంది. కన్ను రెప్పకొట్టేలోపే ఖాళీ రోడ్డు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ (కరెంటు కార్ల) రేసు లాంటి వీధి సర్క్యూట్లలో కంచె వలలు కూడా అడ్డం. కారు మీ వైపుకే ఎదురుగా వచ్చే స్ట్రెయిట్ చివర, లేదా బాగా నెమ్మదించే హెయిర్‌పిన్ మలుపు (వెనక్కి తిరిగే గట్టి వంపు) దగ్గర సీటు దొరికితేనే పది రెట్లకి అర్థముంది. పిట్‌లో (కార్లు ఆగి మరమ్మతు చేయించుకునే చోట) టైర్లు, ముక్కు రెక్క మార్చడం చూడ్డానికి పర్వాలేదు. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

వేగానికీ దీనికీ అసలు సంబంధం ఇంకోటుంది. చీకటి ఆకాశం కోసం ఊరు దాటి వెళ్ళేటప్పుడు దీన్ని వెనక సీటు మీద పడేయకండి. గట్టి బ్రేకు పడితే కిలో బరువున్న ఇనపగుండు ముందుకు దూసుకొచ్చినట్టే. డిక్కీలో, బట్టల మధ్య, అద్దాలు పైకి చూసేలా పెట్టండి. గుంతల రోడ్డు మీద వేగంగా కొడితే లోపలి పట్టకాల అమరిక జరిగే ప్రమాదముంది. ఎండలో డాష్‌బోర్డు మీద వదిలితే లోపలి గ్రీజు కరిగి ఫోకస్ చక్రం బిగుసుకుపోవచ్చు. రాత్రి రెండింటిదాకా చూసి వెంటనే హైవే ఎక్కి వేగంగా తిరిగి రావాలనుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. తెల్లారేదాకా అక్కడే పడుకుంటే శుక్రుడు వేగుచుక్కగా ఉన్న రోజుల్లో అతన్నీ చూసి రావచ్చు.

కొన్నాక వాపసు గడువు ముగిసేలోపు రెండు పరీక్షలు చేయాలి. ముందు అమరిక: రెండు గొట్టాలనూ మీ కళ్ళ దూరానికి మడిచి, రెండు వలయాలూ ఒకే గుండ్రంగా కలిసేలా చూడండి. కుడి కన్ను మూసి, నడిమి చక్రంతో ఎడమ కంటికి ఓ దూరపు బోర్డును స్పష్టం చేయండి. తర్వాత ఎడమ కన్ను మూసి, చక్రం ముట్టకుండా కుడి ఐపీస్ (కన్ను ఆనించే చివర) మీది రింగు తిప్పి అదే బోర్డును స్పష్టం చేయండి. ఆ రింగు గుర్తు మీకే సొంతం, ఇకపై చక్రం ఒక్కటి చాలు. అనుభవం లేనివాళ్ళు మసకగా ఉందని వాపసు పంపేవాటిలో చాలావాటికి చేయాల్సింది ఈ పనే.

తర్వాత ఓ ప్రకాశవంతమైన చుక్కను చూస్తూ కుడి రింగును కావాలని చెడగొట్టండి. ఒక కంట్లో సూదిమొన, ఇంకో కంట్లో మసక బిళ్ళ వస్తాయి. చుక్క బిళ్ళ మధ్యలో పడాలి. పైకో కిందికో బాగా జరిగుంటే రెండు గొట్టాలూ ఒకే చోటుని చూడ్డం లేదన్నమాట, పావుగంటలో తలనొప్పి ఖాయం. రబ్బరు కింద మరలుంటాయని మీరే తిప్పబోవద్దు, మార్చి ఇమ్మనండి.

కళ్ళజోడు ఉన్నవాళ్ళు కొనేముందు తప్పకుండా పెట్టుకుని చూడాలి. ఐపీస్ నుంచి కన్ను ఉండాల్సిన దూరం ఇందులో 11.8 మిల్లీమీటర్లే. జోడుతో చూస్తే రబ్బరు కప్పులు కిందికి తిప్పినా చూపు అంచులు పోతాయి. దగ్గరి చూపు లేదా దూరపు చూపు లోపమే అయితే జోడు తీసేసి ఫోకస్‌తో సరిచేసుకోవచ్చు. ఆస్టిగ్మాటిజం (సిలిండర్ పవర్) ఎక్కువుంటే ఫోకస్ దాన్ని సరిచేయలేదు, ఇంకో మోడల్ వెతుక్కోవాలి.

నీళ్ళు తట్టుకునే రకం కాదిది. పుష్యమాసపు మంచు అద్దం మీద పడితే తుడవకుండా, మూతలు తీసి ఇంట్లో ఆరనివ్వండి. చొక్కా అంచుతో, పైట చెంగుతో రుద్దితే దుమ్ములోని ఇసుకే పూతని గీకేస్తుంది. ముందు గాలి బుడ్డితో దుమ్ము ఊది, తర్వాతే అద్దాల ద్రవం చల్లిన మైక్రోఫైబర్ గుడ్డ వాడాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో దీనికి అసలు శత్రువు బూజు. ఒకసారి పట్టకం మీద వేళ్ళూనితే పూతను తినేస్తుంది. తోలు సంచీలో మూసి బీరువాలో పెట్టకుండా, మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో నీలం సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. గుళికలు గులాబీ రంగుకి మారితే తేమ నిండినట్టు, పెనం మీద సన్న సెగన వేడి చేస్తే మళ్ళీ నీలమవుతాయి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి ఆ రంగు చూస్తూ ఉండండి.