రూట్ కెనాల్ కడగడానికి సిరంజా, అల్ట్రాసోనిక్కా?

పంటి వేరు లోపలి సన్నని గొట్టాన్ని (కెనాల్) గీకి శుభ్రం చేసే సన్నని లోహపు పనిముట్టు, ఫైల్, ఎంత తిప్పినా కెనాల్ గోడలన్నిటినీ తాకదు. అక్కడ మిగిలిన కణజాలాన్ని కరిగించాల్సింది సోడియం హైపోక్లోరైట్ అనే కడిగే మందే. పక్కన రంధ్రమున్న బాగా సన్నని (30 గేజ్) సూదితో మెల్లగా పోస్తే చాలావరకు పని జరుగుతుంది, ఖర్చూ తక్కువే. కానీ ద్రవం సూది మొన దాటి 1 మిల్లీమీటరుకు మించి పోవడం కష్టం. వేరు చివర గాలి బుడగ చిక్కుకుంటే అక్కడికి చుక్క కూడా చేరదు. అలాగని సూది బిగుసుకుపోయి ఉండగా గట్టిగా నొక్కితే మందు వేరు బయటికి పోతుంది. ముఖం వాచి, భరించలేని నొప్పి వస్తుంది.

అల్ట్రాసోనిక్‌లో సన్నని ఫైల్ సెకనుకు 25,000 నుంచి 30,000 సార్లు కంపిస్తూ ద్రవాన్ని సుడులు తిప్పుతుంది. రెండు కెనాళ్లను కలిపే ఇరుకు సందుల్లోని చెత్త కూడా కదులుతుంది. దవడ పళ్లకు నా ఓటు దీనికే. బాగా వంకర తిరిగిన కెనాల్‌లో మాత్రం ఫైల్ గోడకు తగిలి ఆ ఊపు తగ్గిపోతుంది.